కుళాయి, క్యాను, నడుమ ఫిల్టరు

ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు అమ్మేవాళ్ల సంచిలో ఒక చిన్న పరికరం ఉంటుంది. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తమ మెషీను నీళ్లు పోసి, రెంటిలోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. నిమిషం తిరిగేసరికి కుళాయి నీళ్ల గ్లాసులో తుప్పు రంగు తెట్టె కడుతుంది. రెండోది తేటగానే ఉంటుంది. ‘ఇన్నాళ్లూ మీరు తాగుతున్నది ఇదేనండీ’ అని ఒక్క మాట అంటే చాలు, బేరం సగం కుదిరినట్టే. నిజానికి ఆ తెట్టె నీళ్లలోంచి వచ్చింది కాదు, కడ్డీలోంచి వచ్చింది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది, పారినప్పుడు ఇనుప కడ్డీ కరిగి తుప్పయి తేలుతుంది. లవణాలు తీసేసిన నీటిలో కరెంటు సరిగా పారదు గనుక అక్కడేమీ జరగదు. ఆ రెండో గ్లాసులో చిటికెడు వంట ఉప్పు కలిపి మళ్లీ కడ్డీలు ముంచితే అందులోనూ తెట్టె కడుతుంది. ఆ పని మాత్రం ఎవరూ చేసి చూపించరు.

పెన్ను సైజులో దొరికే టీడీఎస్ మీటరు చేసేదీ ఇంచుమించు ఇదే పని. నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం ఎంతో అది అంచనా కడుతుంది, అంతే. కాల్షియం, మెగ్నీషియం, మామూలు ఉప్పు, నైట్రేటు అన్నీ కలిసి ఒకే అంకె. అంకె తక్కువైతే మంచి నీళ్లు, ఎక్కువైతే చెడ్డ నీళ్లు అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తీర్పులు వెలువడుతుంటాయి. కానీ 200 చూపించిన నీటిలో కలరా క్రిమి ఉండవచ్చు. 900 చూపించిన నీళ్లు నాలుకకు సహించకపోయినా ఒంటికి హాని చేయకపోవచ్చు. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500. అందులో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిదన్నారు, వేరే ఆధారం లేనిచోట 2,000 దాకా ఒప్పుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీడీఎస్‌కు ఆరోగ్య కారణంతో హద్దే పెట్టలేదు, రుచి గురించి మాత్రం చెప్పి ఊరుకుంది. సీసా నీళ్లా, కుళాయి నీళ్లా, ఇంట్లో ఫిల్టరా అని మనం పడుతున్న తగువులో సగం ఈ మీటరు దగ్గరే దారి తప్పింది. నీటిలో ఉన్న దోషమేమిటో తేల్చుకోకముందే ఏ యంత్రం కొనాలో మాట్లాడుకుంటున్నాం. తెలుగు నేల మీద తాగునీటి దోషాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి భూమి పెట్టింది, రెండోది మనుషులు పెట్టింది. మొదటిదానికి పనికొచ్చే మందును తెచ్చి రెండోదానికి కూడా అమ్ముతున్నదే ఇవాళ్టి క్యాను వ్యాపారం.

భూమి పెట్టిన దోషానికి మన దగ్గర పాత చరిత్ర ఉంది. నీటిలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయే జబ్బు గురించి దేశంలో తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937లో వచ్చింది. అది అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాల గురించి. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ జబ్బుకు నల్లగొండ మారుపేరైంది. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కి దింపే పద్ధతి కనిపెట్టి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ప్రపంచమంతటా నీటి ఇంజనీర్ల పాఠ్యపుస్తకాల్లో మన జిల్లా పేరు అలా చేరింది. అందులో గర్వపడాల్సింది ఎంతో, సిగ్గుపడాల్సింది ఎంతో చెప్పడం కష్టం. ఫ్లోరైడు కంటికి కనిపించదు, వాసన రాదు, మరిగిస్తే పోదు. మరిగేకొద్దీ నీరు తగ్గి అదింకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుకు, అతినీలలోహిత దీపం పెట్టిన యూవీ ఫిల్టరుకు అది లొంగదు. ఇలాంటి నీటికి ఆర్వో నిజంగానే మందు. నీటిని ఒత్తిడితో సన్నని పొరగుండా నెట్టి లవణాలను వెనక్కి ఆపేయడమే ఆ పద్ధతి. ఫ్లోరైడులో సింహభాగం అక్కడే ఆగిపోతుంది. ఈ శతాబ్ది మొదట్లో ఊళ్లలో ఆర్వో ప్లాంట్లు వెలసినప్పుడు, 2014 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్టీఆర్ సుజల స్రవంతి పేరుతో 2 రూపాయలకు 20 లీటర్లు ఇస్తామన్నప్పుడు జనం బిందెలు, క్యాన్లు పట్టుకుని వరస కట్టింది ఊరికే కాదు. ఆ నీళ్లు అప్పుడు అక్కడ అవసరం.

అయితే ఆ మందుకు రెండు కొరతలున్నాయి. మొదటిది, పొర వెనక ఆగిపోయిన ఫ్లోరైడు మాయమైపోదు. మిగులు నీటిలో ఇంకా చిక్కగా పోగై, ప్లాంటు పక్క కాలవలోకి వెళ్లి మళ్లీ అదే నేలలోకి ఇంకుతుంది. రెండోది ఇంకా ముఖ్యమైనది. మనిషి నీటిని గ్లాసుతో మాత్రమే తాగడు. అన్నం నీటితో ఉడుకుతుంది, పప్పు నీటితో ఉడుకుతుంది, చారు దాదాపు నీరే. క్యాను తాగడానికి, బోరు వంటకి అని పంచుకున్న ఇంట్లో ఫ్లోరైడు కంచంలోంచి వస్తూనే ఉంటుంది. వంటకూ తాగడానికీ సరిపడా మంచి నీరు ప్రతి ఇంటికీ చేరాలంటే క్యానుతో అయ్యే పని కాదు, పైపే రావాలి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ చేసిందదే, బోరును వదిలి కృష్ణా, గోదావరి నీటిని ఊళ్లకు తెచ్చింది. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పగలిగింది ఫిల్టర్లు పెరిగి కాదు, నీటి ఆధారం మారి. పాత తరంలో వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కావు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు చెడిపోయే జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు. నీటి మీద అనుమానం ఉంది, రుజువు లేదు. అక్కడ కూడా ముందు ఆర్వో ప్లాంట్లు పెట్టి, ఆ తర్వాత హిరమండలం నుంచి వంశధార నీటిని పైపుల్లో తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. కారణం తెలియని జబ్బు ఎదుట ప్రభుత్వాలు చివరకు చేరుకున్నది నదీ జలం దగ్గరకే.

ఇక మనుషులు పెట్టిన దోషం. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి పలువురు చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో అతిసారం ప్రబలి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోనూ అతిసారం మనుషులను బలి తీసుకుంది. ఇలాంటి ఘటనల్లో పదేపదే బయటపడేది ఒకటే కథ: నీటిని శుద్ధి చేసే కేంద్రంలో లోపం కాదు, అక్కడి నుంచి ఇంటిదాకా వచ్చే దారిలో లోపం. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. రోజు విడిచి రోజు గంటో రెండు గంటలో వదులుతారు. వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది, చిల్లు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, అదే చిల్లులోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి జారుతుంది. పక్కపక్కనే పాతిన రెండు పైపుల్లో ఒకటి మంచినీటిది, ఒకటి డ్రైనేజీది అయితే ఆ రాత్రి ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు. దానికితోడు ఒత్తిడి చాలక ఇళ్లవాళ్లు నేరుగా పైపుకే మోటారు బిగించి నీటిని గుంజుతారు. ఆ గుంజుడుకు నీటితోపాటు ఇంకేమేం వస్తుందో మోటారుకు తెలియదు.

ఇదంతా ఊహ అనుకునేవాళ్లకు కర్ణాటకలోని హుబ్లీ-ధార్వాడ్ మంచి జవాబు. ఆ జంట నగరంలో కొన్ని వార్డులకు 24 గంటల సరఫరా ఇచ్చి, మిగతా వాటికి పాత పద్ధతిలోనే వదిలేశారు. శుద్ధి కేంద్రాలు అవే, నది అదే. పరిశోధకులు కుళాయిల దగ్గర నమూనాలు తీసి 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆగి ఆగి నీళ్లొచ్చే వార్డుల్లో దాదాపు 32 శాతం నమూనాల్లో మలం ద్వారా వచ్చే ఈ-కొలై బ్యాక్టీరియా కనిపించింది. నిత్యం నీళ్లొచ్చే వార్డుల్లో అది ఒక శాతం కూడా లేదు. తాగునీటి మీద జరిగే వాదనల్లో ఇంత స్పష్టమైన సాక్ష్యం అరుదు. నీళ్లు చెడగొడుతున్నది నదీ కాదు, ఇంజనీరూ కాదు, ఖాళీ పైపు. ఖాళీ పైపు దాటాక కూడా కథ అయిపోదు. నీళ్లు సంపులో దిగుతాయి, అక్కడి నుంచి మేడ మీది ట్యాంకుకు ఎక్కుతాయి. ఆ రెండింటినీ ఏడాదికోసారైనా కడిగే ఇళ్లు ఎన్నో ఎవరి మనసుకు వారు చెప్పుకోవాల్సిన మాట. నల్లాను తిట్టేవాళ్లలో చాలామంది తాగుతున్నది నల్లా నీళ్లు కావు, తమ సంపు నీళ్లు.

దారిలో కలిసే మురుగును ఎదుర్కోవడానికి మునిసిపాలిటీ చేతిలో ఉన్న ఆయుధం క్లోరిన్. అందరికీ పడని ఆ బ్లీచింగ్ వాసన నిజానికి కాపలా ఇంకా ఉందనడానికి గుర్తు. కుళాయి చివర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం చెబుతుంది. క్లోరిన్ వల్ల నీటిలో పుట్టే కొన్ని పదార్థాలు క్యాన్సరు తెస్తాయన్న భయం ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని కొట్టిపారేయనక్కర్లేదు, హద్దులు పెట్టారు. కానీ క్రిములను చంపకుండా వదిలేస్తే వచ్చే ముప్పుతో పోలిస్తే ఆ ముప్పు చాలా చిన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటినుంచీ చెబుతోంది. ఆర్వో యంత్రం చేసే మొదటి పనుల్లో ఒకటి ఈ క్లోరిన్‌ను తీసేయడం. క్లోరిన్ తగిలితే దాని పొర పాడవుతుంది, అందుకే ముందు బొగ్గు ఫిల్టరు పెడతారు. అంటే బయటికొచ్చిన నీరు ఆ క్షణానికి శుభ్రమే గాని దానికి ఇక కాపలా లేదు. అది ఒక క్యానులోకి వెళ్తుంది, క్యాను ఆటోలో ఎండన తిరుగుతుంది, మన వంటింట్లో డిస్పెన్సరు మీద బోర్లా పడుతుంది, మూడు నాలుగు రోజులు అక్కడే ఉంటుంది. క్యాను లోపల చేత్తో తడిమితే జిగట తగిలిందంటే అక్కడ క్రిములు కాపురం పెట్టాయని అర్థం. మంచి నీళ్లు తెచ్చుకున్నాక ఇంట్లోనే చెడిపోవడం గురించి అనేక దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి 2004లో పరిశీలించినప్పుడు, బావి దగ్గరో కుళాయి దగ్గరో బాగున్న నీరు నోటికి చేరేలోగా చెడిపోవడం చాలాచోట్ల కనిపించింది. మూత లేని బిందె, ముంచే చెంబు, కడగని చెయ్యి. క్యాను వచ్చి బిందెను తప్పించింది గాని ఆ దారిని తప్పించలేదు.

పైగా క్యాను నీళ్లు ఎవరి పర్యవేక్షణలో ఉన్నాయో చూస్తే ధైర్యం కలగదు. సీలు వేసిన ప్యాకేజ్డ్ నీటికి ఐఎస్ 14543 అని ఒక ప్రమాణం ఉంది. బ్యాచి నంబరు, తేదీ, ప్లాంటు చిరునామా, పరీక్షలు అన్నీ అందులో రాసి ఉన్నాయి. వీధి చివర షెడ్డులో రబ్బరు గొట్టంతో నింపి, బిరడా వేసి, బండి మీద తెచ్చి ఇచ్చే 20 లీటర్ల టిన్నుకు వీటిలో ఏదీ ఉండదు. సీలు వేయలేదు గనుక అది ప్యాకేజ్డ్ నీరు కాదు, పైపులో రాలేదు గనుక అది మునిసిపాలిటీ నీరూ కాదు. మధ్యలో ఏ చట్టం కంటా సరిగా పడకుండా ఆ వ్యాపారం సాగిపోతుంది. అప్పుడప్పుడు అధికారులు దాడులు చేసి కొన్ని ప్లాంట్లకు తాళాలు వేస్తారు. నెల తిరక్కుండా గొట్టాలు మళ్లీ పారుతుంటాయి. సీలు వేసిన సీసాల సంగతి కొంత నయం, అదీ పూర్తిగా కాదు. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పేరున్న కంపెనీల సీసాల్లోనే పురుగుమందుల అవశేషాలు చూపించాక ప్రమాణాలు బిగిశాయి. 2024లో ఆహార భద్రతా సంస్థ ఒక చేత్తో ఈ సీసాలకు జాతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ధ్రువీకరణ తప్పనిసరి అన్న నిబంధన తీసేసి, ఇంకో చేత్తో వాటిని అధిక ప్రమాదమున్న ఆహారాల జాబితాలో చేర్చి ఏటా తనిఖీలంటూ కొత్త నియమం తెచ్చింది. రెండింటిలో ఏది గెలుస్తుందో తనిఖీకి వెళ్లే మనుషుల సంఖ్యను బట్టి తేలుతుంది. కుళాయి నీటి మీద మాత్రం ఫిర్యాదు ఎవరికి చేయాలో, ఎవరిని నిలదీయాలో ఊళ్లో అందరికీ తెలుసు. ఈ తేడా చిన్నది కాదు.

ధర సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. లీటరు సీసా 20 రూపాయలంటే వెయ్యి లీటర్లు 20 వేలు. టిన్ను 25 అయితే వెయ్యి లీటర్లు 1,250. అదే వెయ్యి లీటర్లకు నగర జలమండళ్లు ఇళ్ల నుంచి వసూలు చేసేది పదుల రూపాయల్లో ఉంటుంది. హైదరాబాద్‌లో 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం కూడా. ఉచితంగా వచ్చే నీళ్లను గిన్నెలు తోమడానికి వాడి, తాగడానికి డబ్బులిచ్చి కొంటున్నాం. కూలి పనికి వెళ్లే ఇంట్లో ఆ నెలవారీ టిన్నుల లెక్క కరెంటు బిల్లుకు దగ్గరగా వస్తుంది.

సీసాల విషయంలో ఇవాళ ఎక్కువగా వినిపించే భయం ప్లాస్టిక్ రేణువులది. తొమ్మిది దేశాల నుంచి తెచ్చిన 259 సీసాలను పరీక్షించి, 93 శాతంలో మైక్రోప్లాస్టిక్ ఉందని 2018లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయ బృందం చెప్పింది. అందులో మన దేశపు సీసాలూ ఉన్నాయి. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకా సూక్ష్మంగా చూసే పద్ధతితో, అమెరికాలో కొన్న సీసాల్లో లీటరుకు సగటున 2 లక్షల 40 వేల రేణువులు లెక్కపెట్టారు. వాటిలో తొంభై శాతం నానో పరిమాణంలోవి. అంకె చూసి గుండె ఝల్లుమంటుంది గాని, ఆ రేణువులు ఒంట్లో ఏం చేస్తాయన్నది ఇంకా తేలాల్సిన సంగతి. అప్పటికున్న ఆధారాలతో ముప్పు ఉందని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంది, పరిశోధన ఇంకా జరగాలని కూడా అంది. కుళాయి నీటిలోనూ రేణువులుంటాయి, సాధారణంగా తక్కువ. కుళాయి వైపు వాదించేవాళ్లు ఈ అంకెను కర్రలా ఝళిపించడం నాకు నచ్చదు. ఇక ఎండ సంగతి. పెట్ సీసాలను బాగా వేడి చేస్తే ఆంటిమొని అనే మూలకం నీటిలోకి దిగడం ప్రయోగాల్లో రుజువైంది. టిన్నులకు వాడే పాలీకార్బొనేటు నుంచి బీపీఏ అనే రసాయనం దిగుతుంది. ఆహారం తగిలే వస్తువుల్లో ఆ బీపీఏను ఐరోపా సమాఖ్య 2025లో నిషేధించింది. మే నెలలో కిరాణా కొట్టు ముందు ఎండలో పేర్చిన కేసులు చూసినప్పుడు ఇది గుర్తుండాలి. తమాషా ఏమిటంటే, తేటగా ఉన్న పెట్ సీసాలో నీళ్లు పోసి ఆరు గంటలు ఎండలో ఉంచితే క్రిములు చస్తాయని, ఏ ఇంధనమూ దొరకని పేదలకు అది మంచి పద్ధతని ప్రపంచవ్యాప్తంగా నేర్పుతున్నారు. అదే సీసా, అదే ఎండ. ఒకచోట చికిత్స, ఇంకోచోట దోషం. ఏ నీటిలో ఏ ప్రమాదం ముందుందో చూసుకోవాలన్న మాటకు ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇంటి ఆర్వో మీద వినిపించే ఫిర్యాదుల్లో ఒకటి అతిగా ఉంది, ఒకటి తక్కువగా ఉంది. అతిగా వినిపించేది ఖనిజాల సంగతి. లవణాలన్నీ తీసేసిన నీరు ఏళ్లతరబడి తాగడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో తెచ్చిన సంపుటంలో ఒక అధ్యాయం ఉంది. నిజమే, కానీ మనకు కాల్షియం ప్రధానంగా పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల నుంచి వస్తుంది. సరిగా తినే ఇంట్లో ఆర్వో నీటి వల్ల ఎముకలు గుల్లవుతాయని బెదిరించడం ఆ కడ్డీల గ్లాసు ఆటకు ఏమంత భిన్నం కాదు. తక్కువగా వినిపించేది వృథా సంగతి. మామూలు ఇంటి ఆర్వో ఒక లీటరు ఇవ్వడానికి మూడు లీటర్ల దాకా పారబోస్తుంది. ఇంటికి రోజుకు 15 లీటర్లనుకుంటే 45 లీటర్లు తూములోకి. వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో అది 4,500 లీటర్లు, అంటే వేసవిలో డబ్బు కట్టి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరులో దాదాపు అంతా. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో టీడీఎస్ 500 లోపున్న చోట్ల ఇంటి ఆర్వోలు వద్దనీ, వాడేచోట 60 శాతం నీరైనా దక్కాలనీ చెప్పింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. ఆ తీర్పులో తర్కం మాత్రం సరైనది. హైదరాబాద్‌కు వచ్చే మంజీరా, గోదావరి, కృష్ణా నీళ్లు సాధారణంగా ఆ హద్దు లోపలివే. వాటికి ఆర్వో పెట్టడం లేని జబ్బుకు ఆపరేషన్ చేయించుకోవడం. అక్కడ భయపడాల్సింది దారిలో కలిసిన క్రిమికి. దానికి యూవీ ఫిల్టరో, క్యాండిల్ ఫిల్టరో, ఇవేవీ లేకపోతే కళపెళా ఒక నిమిషం మరిగించిన నీళ్లో చాలు. రాగి బిందెలో రాత్రంతా నిలవ ఉంచితే అతిసార క్రిములు చస్తాయని బెంగళూరు పరిశోధకులు 2012లో ప్రయోగం చేసి చూపించారు. వాళ్లు ఉంచింది 16 గంటలని, బిందె లోపల తోమి ఉండాలని, ఫ్లోరైడును మాత్రం రాగి ఏమీ చేయదని ఆ వార్త పంచుకునేవాళ్లు చెప్పరు. ఇంట్లో బోరే దిక్కయిన వాళ్ల సంగతి వేరు. వాళ్లు ముందు నీటిని ల్యాబులో పరీక్ష చేయించాలి. ఫ్లోరైడో, నైట్రేటో, మరీ ఉప్పదనమో తేలితే ఆర్వో కొనుక్కోవడంలో తప్పు లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి ఎదురవుతుంది. చదువుకున్నవాళ్లు కూర్చుని కుళాయి గొప్పదని రాస్తారు, రేపు పిల్లవాడికి వాంతులైతే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెడతారు అని. నగరాల కుళాయి నీటి మీద బీఐఎస్ పరీక్షల ఫలితాలను 2019 నవంబరులో కేంద్రం బయటపెట్టినప్పుడు అన్ని నమూనాలూ గట్టెక్కింది ఒక్క ముంబయివే. హైదరాబాద్ ఆ వెనకే నిలిచింది. ఢిల్లీ అట్టడుగున. కాబట్టి అన్ని కుళాయిలూ ఒకటి కావు, అనుమానం ఉన్నచోట మరిగించి తాగాల్సిందే. నేనంటున్నది కళ్లు మూసుకుని నమ్మమని కాదు. అనుమానం వచ్చినప్పుడు క్యానుకు ఫోను చేయడం పరిష్కారం కాదని, ఎందుకంటే క్యాను మీద అంత అనుమానమైనా పడే అవకాశం మనకు లేదని. కుళాయి నీళ్లను మంచిగా చేయడం మన దేశంలో కుదరదన్న మాటకు పూరీ ఎదురు నిలుస్తుంది. 2021 జూలైలో ఆ ఊరికి 24 గంటలూ నేరుగా కుళాయిలోంచే తాగదగ్గ నీటి సరఫరా మొదలైంది. అది సింగపూరు కాదు, రథయాత్రకు లక్షల జనం పోటెత్తే మన పొరుగు రాష్ట్రపు పాత పట్టణం. ఖాళీ పైపు పోతే సగం రోగం పోతుందన్న హుబ్లీ లెక్కను ఒక ఊరు మొత్తం మీద అమలు చేశారక్కడ.

పూరీలో చేయగలిగింది మన దగ్గర ఎందుకు కావడం లేదని అడిగితే డబ్బు, చిల్లులు, రాజకీయాలు అని చాలా జవాబులున్నాయి. వాటిలో ఒకదాన్ని ఎవరూ పైకి చెప్పరు: గట్టిగా అడిగే గొంతులు క్యానుకు మారిపోయాయి. నల్లా నీళ్లు పచ్చగా వస్తున్నాయని కార్పొరేటరు ఇంటి ముందు కూర్చోగలిగినవాళ్లు, పేపరుకు రాయగలిగినవాళ్లు, కోర్టుకెళ్లగలిగినవాళ్లు తాగేది ఇవాళ క్యానే. నల్లా తాగేవాళ్లుగా మిగిలినవారికి ఆ తీరికా లేదు, పలుకుబడీ లేదు. సర్కారు బడికి ఏమైందో కుళాయికి అదే అవుతోంది. పశ్చిమ గోదావరి డెల్టాలో ఇది విపరీతంగా కనిపిస్తుంది. చుట్టూ గోదావరి కాలవలు, ఊరి నడుమ మంచినీటి చెరువు, అయినా వీధివీధికీ వాటర్ ప్లాంటు. వేసవిలో కాలవలు కట్టేస్తే చెరువే దిక్కు. రొయ్యల, చేపల చెరువుల నుంచి వదిలే నీళ్లు ఆ కాలవల్లో కలుస్తున్నాయి, భూగర్భ జలం ఉప్పబారిపోయింది. ఆ కాలుష్యాన్ని ఆపాల్సిన పనిని వాటర్ ప్లాంటు వాయిదా వేయించింది. క్యాను దొరుకుతున్నంత కాలం చెరువు గట్టు ఎవరి కంటా పడదు. ప్లాంట్లు మూతపడితే వేలమంది కుర్రవాళ్ల ఆటోలు ఆగిపోతాయి గదా అంటారు. ఆ జీవనాధారాలు నిజమైనవే, ఒక్క రోజులో తీసేయమని ఎవరూ అనరు. ముందు ఆ షెడ్లకు లైసెన్సు, నెలనెలా పరీక్ష, క్యాను కడిగే పద్ధతి తప్పనిసరి చేయాలి. పరీక్ష ఫలితాలు వాటర్ ట్యాంకు దగ్గర బోర్డు మీద రాయాలి. కుళాయివీ, ప్లాంటువీ రెండూ.

తిరిగి తిరిగి వాడే స్టీలు సీసా గురించి ఎక్కువ రాయాల్సింది లేదు. రోజూ వాడితే మంచిదే, రోజూ కడిగితేనే. వారాల తరబడి నింపుకుంటూ పోయే సీసా అడుగున పెరిగేది క్యాను లోపల పెరిగేదే. బార్సిలోనా నగరం మీద 2021లో చేసిన లెక్కలో, ఊరంతా సీసా నీళ్లకు మారితే ముడి వనరుల ఖర్చు కుళాయితో పోలిస్తే మూడున్నర వేల రెట్లు ఎక్కువని తేలింది. కానీ ఆ ఊరి కుళాయి తాగదగ్గది, అక్కడ సీసా వదిలేయడం కేవలం అలవాటు మార్చుకోవడం. మన దగ్గర స్టీలు సీసా చేతబట్టుకుని బయల్దేరినవాడికి అసలు కష్టం అది ఖాళీ అయ్యాక మొదలవుతుంది. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు నిషేధించినప్పుడు అది నిలబడింది, కొండ మీద అడుగడుగునా ఉచితంగా నీళ్లు పట్టుకునే కుళాయిలు ఉన్నాయి గనుక. రైల్వే స్టేషన్లలో లీటరు 5 రూపాయలకు సీసా నింపే యంత్రాలు పెట్టినప్పుడు జనం బాగానే వాడారు. కాంట్రాక్టుల తగాదాల్లో చాలాచోట్ల అవి మూతపడ్డాయి, ప్లాట్‌ఫాం మీద మళ్లీ రైల్ నీర్ సీసానే. బస్టాండుల్లో, ఆసుపత్రుల్లో, కలెక్టరేట్లలో తాగునీటి కుళాయిలు ఉన్నాయి, ఎక్కువగా బాత్‌రూముల పక్కన, ఎవరూ తాగని చోట. వాటిని అక్కడి నుంచి జరిపి జనం నడిచే దారిలో పెట్టి, కింద క్లోరిన్ ఎంతుందో, చివరిసారి ఎప్పుడు పరీక్షించారో రాస్తే ఎంత ఖర్చవుతుందో ఏ మునిసిపల్ ఇంజనీరును అడిగినా చెబుతారు. ఆ అంచనా ఒక వార్డు కుటుంబాలు ఏడాదిలో టిన్నుల మీద పెడుతున్న డబ్బుతో పక్కపక్కన పెట్టి కౌన్సిల్ సమావేశంలో చదివించాలి.